చివరలు కలిసేచోట

వాచీల మస్తాను గారు కొట్టు ఎత్తేస్తున్నారని తెలిసి వెళ్ళాను.
గాజుబల్ల కింద ఆగిపోయిన టైములు,
పైన పాత బనీను గుడ్డలో చుట్టి నాలుగు పనిముట్లు.
మా అమ్మమ్మ శ్రావణం అంటుంది,
ఆయన మోచ్నా అంటారు,
నేను ట్వీజర్ అంటాను.
"ఏదైనా అను తల్లీ, కొనేముందు లైటుకి ఎదురుగా పట్టు.
చివరలు కలిసేచోట వెలుగు కారిందంటే
చెవిలో గుబిలికి కూడా పనికిరాదది."
తన ముంజేతి నూగులోంచి ఒక్క వెంట్రుకని పట్టి చూపించారు,
పక్కదానికి తెలియకుండా.

అప్పటికి ఏడాదైంది,
నేను రూతు కన్ను పాడుచేసి.
తొమ్మిదొందల సెట్టు, ఇంద్రధనుస్సు రంగులు,
కొనలు ఒకదానిమీదొకటి ఎక్కే ట్వీజర్లు,
తేదీలేని జిగురు సీసా.
మూడురోజులు రేగిపండులా ఉబ్బిన కన్నేసుకుని
మా చిన్నాన్న కూతురు వీధిలో అందరికీ
"నలుసు పడింది" అని చెప్పింది.
ఆ నలుసుని నేనే.

నరసాపురంలో మాది లేసు కుట్టే వీధి.
అమ్మ కొత్త క్రోషా సూది తెస్తే
కొక్కేన్ని పెదవికి రాసి చూసేది,
గరుకు తగిలితే నూలు పీకేస్తుందని.
నూలు చిక్కుపడితే విప్పుకోవచ్చు.
నూలుకే అంత చూసినదాని కూతురిని నేను.

ఇప్పుడు జిగురు సీసా మీద
మూత తీసిన తేదీ స్కెచ్ పెన్నుతో రాస్తాను.
నెల దాటితే సగమున్నా పారేస్తాను,
పారేసేటప్పుడు ప్రాణం గిలగిల్లాడుతుంది, నిజమే.
గోడకి చెమ్మ కొలిచే డబ్బా ఉంది.
గోదారి పోటు మీదుండి అంతర్వేది గాలి తిరిగిందా,
ఎనభై దాటేస్తుంది,
జిగురు రెప్పని చేరకముందే ఉండ కడుతుంది.
ఏసీ వేసి, కూర్చుని, ఎదురుచూస్తాను.
ఎదురుచూడ్డం కూడా పనిముట్లలోదే, దాన్ని ఎవరూ అమ్మరు.

కింది రెప్పకి వేసే పట్టీ అంచు కనుగుడ్డుకి తగలకూడదు.
ఒక సొంత రెప్పకి ఒక్కటే అతుకు,
గడ్డిపోచ మీద తూనీగ వాలినంత బరువు.
కొంగ వాలితే పోచ ఏమవుద్దో
చేలగట్ల మీద పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

శుక్రవారం, సఖినేటిపల్లి నుంచి పంటు దాటి
శ్రీలలిత వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని.
వేళ్ళకి ఇంకా ఐసు వాసన.
"పొడుగ్గా, నల్లగా పెట్టెయ్యండక్కా, ఇవ్వాళే."
చెవి వెనక చుక్క జిగురు రాసి పంపుతాను,
రెండ్రోజులు దురద లేకపోతే అప్పుడు రమ్మన్నాను.
"మరి పంటు డబ్బులెవరిస్తారండి?" అంది.
ఇద్దరం కాసేపు ఫ్యాను చప్పుడు విన్నాం.
షెడ్డులోకి అతుకు రెప్పలు రానిస్తారా అని అడిగాను.
గోళ్ళరంగుకే గేటు దగ్గర ఆపేస్తారని
తనంతట తనే చెప్పి ఆగిపోయింది.
తర్వాత, గోడకేసి చూస్తూ:
"టోపీకీ మాస్కుకీ మధ్య
ఎనిమిదేళ్ళనించీ నావి కళ్ళొక్కటేనండి కనిపించేవి."

నా దగ్గర దానికి పనిముట్టు లేదు.

కర్లరుకి కొత్త రబ్బరు మార్చాను.
ఆమె సొంత రెప్పల్ని మొదట్లో కాదు, నడుమ పట్టి
పదిదాకా లెక్కపెట్టాను.
సీలు విప్పిన బ్రష్షుతో దువ్వి, ఆ బ్రష్షు ఆమెకే ఇచ్చేశాను.
సాయంత్రందాకా ఉంటుంది, రేపటికి ఉండదు, అది కూడా చెప్పాను.
నలభై ఇచ్చింది. ఇరవై వెనక్కి ఇచ్చాను, పంటుకని.
అద్దంలో ఒక కన్ను మూసి రెండోదాన్ని చూసుకుంది,
తర్వాత దీన్ని మూసి దాన్ని.

డబ్బా ఎనభైరెండు చూపిస్తోంది.
మస్తాను గారి మోచ్నాని ఆ పూట గుడ్డలోంచి తియ్యనేలేదు.